సగం మాట

మినిట్స్ పుస్తకంలో నేను రాసింది ఇంతే:
"ఆదివారం. బ్రాడీపేట, ట్యుటోరియల్ మేడ మీద గది.
హాజరు పదకొండుగురు. బెజవాడ వాళ్ళు ముగ్గురు,
తెనాలి నుంచి ఒకరు."
రాయనిది ఇక్కడ రాస్తున్నాను.

మా దగ్గరున్నది రాయిలో ఎడమ సగం.
సంగడిగుంటలో ఓ పెరట్లో బట్టలుతికే బండగా
ఎన్నేళ్ళు సబ్బు తాగిందో,
మా సంఘం చేతికొచ్చాక ముప్ఫై ఏళ్ళు వాన తాగింది.
చివరి వరుసలో "ఈ ధర్మువు చెఱ" అని ఉంటుంది.
అక్కడ విరిగింది.

చెఱువు, అన్నారు మా వీరరాఘవులు గారు.
సర్వే డిపార్టుమెంటులో గొలుసు లాగిన మనిషి,
ఆయన అన్నాక కాదనేదెవరు?
ఆ చెఱువు కోసం
సైకిళ్ళ మీద, తర్వాత మోపెడ్ల మీద పదిహేడు ఊళ్ళు తిరిగాం.
గట్టులాంటిది కనపడితే చాలు, దిగి కొలిచాం.
మిరపచేలో ఓ రైతు
భూములు లాక్కునేవాళ్ళమనుకొని కుక్కని వదిలాడు.
చెఱువు దొరకలేదు.
రెండు వీరగల్లులు, తల లేని బుద్ధుడు, గుప్పెడు పూసలు దొరికాయి.
జాబితాలో "ఇతరములు" అని రాశాం.

కుడి సగం ఏటికవతల.
ఏ గట్టు పనికో పడవెక్కి పోయి ఉంటుంది.
"చినవాడు" అని మొదలవుతుంది ఆ చివరి వరుస.
చినవాడంటే తమ్ముడు, అన్నారు బెజవాడ వాళ్ళు.
పేరు తెలియని రాజుకి
పేరు తెలియని తమ్ముణ్ణి పుట్టించి
కొన్ని అలకలూ ఒక దండయాత్రా కూడా ఇచ్చారు.
కోటిరత్నం టీచరు
అతని గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది,
పక్కగదిలో నిద్రపోతున్నట్టు.

వాళ్ళ కరపత్రంలో ఒకసారి మా సంఘం పేరు తప్పు పడింది.
పదేళ్ళు మాటల్లేవు.
మధ్యలో ఉన్నది ఒక బ్యారేజీ,
ఒక బస్సు టిక్కెట్టు.

కలిపింది నాగుల్ మీరా.
తెనాలిలో ఫోటో స్టూడియో మూతపడ్డాక
రెండు రాళ్ళకీ అచ్చులు తీసింది అతనే.
తడికాగితం పరిచి, కుంచెతో కొట్టి కొట్టి
గుంటల్లోకి దించి, పైన మసి అద్దుతాడు.
చుట్టూ నలుపు, మాట ఒక్కటే తెల్లగా.
"రెండిళ్ళలోనూ తిన్నాను.
వంట ఒకటే" అన్నాడు ఫోనులో.

బల్లలు జరిపాం. కాగితాలెగరకుండా ఫ్యాను ఆపాం.
ఏప్రిల్ గుంటూరు.
చాక్‌పీసుల డబ్బాలు మూలల మీద బరువు.
"చెఱ" పక్కకి "చినవాడు" జరిగింది.

చెఱచినవాడు.

ఈ ధర్మువు చెఱచినవాడు ఆవును చంపిన పాపాన పోవు.
ప్రతి శాసనం కిందా ఉండే తిట్టే.
ఎన్ని రాళ్ళ మీద చదవలేదు మేం!

ఆ ఉక్కలో మా చెఱువు ఇంకిపోయింది.
వాళ్ళ తమ్ముడు అన్నకి చెప్పకుండా వెళ్ళిపోయాడు.
టీచరు సంచీ జిప్పు తీసింది, వేసింది, తీసింది.
ఎనభై ఒకటో ఏట వీరరాఘవులు గారు
మోకాళ్ళ మీద వంగి
బండి ఱ మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నారు.
"అమ్మా, మీ తమ్ముడికి పేరేమైనా అనుకున్నారా?"
ఆవిడ చెవిలో చెప్పినట్టు చెప్పింది.
"బాగుంది. మా చెఱువులో ఈత కొట్టేవాడు."

తర్వాత బజ్జీలొచ్చాయి, పోట్లాటా వచ్చింది.
వ్యాసం మీద ఎవరి పేరు ముందు?
అతికించిన రాయి ఏ ఒడ్డున ఉండాలి?
తేలలేదు.
అచ్చులు మాత్రం మార్చుకున్నాం,
వాళ్ళ సగం మా బీరువాలోకి,
మాది చుట్టగా వాళ్ళ బస్సులోకి.

పై వరుసల్లో ఇంకా జానెడు ముక్క లేదు.
ఇచ్చినవాడి పేరూ, ఇచ్చిందేమిటో అందులోనే.
తిట్టు దొరికింది, దానం దొరకలేదు.
అంతదాకా వెనక బల్ల మీద కూర్చున్న
కాలువ లస్కరు దైవాదీనం గొంతు సవరించుకొని
"మూడో తూములో చెయ్యి పెడితే
ఏవో గీతలు తగుల్తాయండీ" అన్నాడు.

కాబట్టి చివరి తీర్మానం:
తదుపరి సమావేశం తూము దగ్గర,
కాలువ కట్టేశాక వచ్చే మొదటి ఆదివారం.
ఎవరి తువ్వాలు వాళ్ళు తెచ్చుకోవాలి.