సున్నా పెట్టడం

చీమకుర్తి క్వారీలో ఏడున్నరకే
క్యాబిన్ రేకు చెయ్యి పెట్టనీయదు.
నా సంచిలో అరచేయంత తెర ఒకటి,
రెండు సెన్సార్లు, ముప్ఫై మీటర్ల కేబులు,
ఒంగోలు బస్టాండు పక్కన కొన్న క్లిప్పులు.
కంపెనీ ఇచ్చినవి ఎప్పుడూ చాలవు.

మాలకొండయ్య సీటు దిగలేదు.
"ఇదేంది పాపా, బరువు చెప్పుద్దా?
పందొమ్మిదేళ్లు నా పిర్రలు చెప్పినయ్యి గదా."

బూమ్ చివరిదాకా పాకాను, గ్రీజు మోచేతులదాకా.
తాడు కొస కట్టిన చోట
పాత పిన్ను ఊడదీసి లోడ్ సెల్ దూర్చాను.
పైనుంచి క్వారీ మెట్లు మెట్లుగా దిగిపోతుంది,
అడుగున పోయినేటి వాననీళ్లు,
పచ్చగా, ఎవరూ దించని నీళ్లు.

తెర వెలిగింది. అడగడం మొదలెట్టింది
రేషన్ కార్డు రాసే గుమాస్తాలా.
బూమ్ పొడవెంత. కోణమెంత.
కొక్కేనికి తాడు ఎన్ని వరసలు.
"నాలుగు" అన్నాడు మాలకొండయ్య.
దిగి లెక్కపెట్టాను. ఆరు.
నాలుగని నొక్కి ఉంటే
మూడు టన్నులకు ఒక టన్ను దాచేసేది తెర,
మర్యాదగా, పచ్చదీపంతో.
"ఆదివారం మార్చుంటారు, నేను లేను"
అంటూ మొదటిసారి ఇటు తిరిగాడు.

కొక్కెం ఖాళీ. తెర మీద సున్నా పాయింట్ నాలుగు.
"ఏం మోస్తందది?"
తన్ను తాను, అన్నాను.
బటన్ నొక్కిపట్టి మూడంకెలు లెక్కపెట్టాను.
సున్నా.
"సొసైటీలో నా బాకీ కూడా అట్టా నొక్కు పాపా."

కాటాలో తూచిన రాయి మీద సుద్దతో
పదకొండు పాయింట్ ఎనిమిది ఆరు.
అడుగెత్తు లేపాం. తెర పన్నెండు దాటింది.
దించాం, సర్దాను, లేపాం, దించాం.
నాలుగోసారికి సుద్దా తెరా ఒక్క మాట మీదికొచ్చాయి.
కింద అంకయ్య గొలుసు వదిలి
బీడీ ముట్టించాడు.

మూడు గంటలకి కింది మెట్టు నుంచి పెద్ద బండ.
తడి తుడిస్తే లోపలంతా బంగారు నలుసులు.
కృష్ణపట్నం లారీ ఇంజను ఆపకుండా నిలబడుంది.
ఆ దూరానికి పదిహేడు టన్నులే, అంది తెర.
పదిహేను దగ్గర పసుపు, కూత.
పదిహేడు దగ్గర ఎరుపు. లివరు చచ్చిపోయింది.
బండ ఒక మూల ఇంకా నేల మీదే ఉంది.

మేనేజరు మెట్టెక్కి వచ్చాడు.
"దీనికో తాళం చెవి ఉంటదిగా, తిప్పండి."
ఉంది. నా మెళ్లో, ఐడీ కార్డు వెనక.
నోరు తెరిచాను. ఏమనబోయానో
ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను.

"ఒంగోల్లో మర్చిపొయ్యొచ్చిందంట సార్"
అన్నాడు మాలకొండయ్య, గాజులోంచి చూస్తూ.
ఆయన దిగిపోయాక నెమ్మదిగా అన్నాడు:
"నీ డబ్బా కూసేదానికన్నా ముందే
వెనక జాకీ కాడ సీటు తేలిందిలే."

జాకీలు లేపి, నాలుగు మీటర్లు జరిపి,
దుంగలు పరిచి మళ్లీ దించేసరికి
గంటంపావు. లారీ డ్రైవరు తిట్టినవి రాయను.
ఇప్పుడు ఇరవై రెండున్నర దాకా రమ్మంది తెర.
బండ లేచింది. పందొమ్మిది పాయింట్ ఆరు.
అదే బండ. ఒక్క పలుకు కూడా తగ్గలా.
మనమే దగ్గరికి జరిగాం.

చీకటి పడేముందు రిజిస్టరు తెచ్చారు.
తెర ఒకటి, సెల్ ఒకటి, సంతకం.
తాళం చెవి అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
పైన ఖాళీ కొక్కెం గాలికి ఊగుతోంది,
సున్నా, సున్నా పాయింట్ ఒకటి, సున్నా.
మాలకొండయ్య చెయ్యి చాపలేదు,
అద్దం మీద దుమ్ము తుడుస్తున్నాడు.
గడి ఖాళీగా వదిలి
ఆఖరి బస్సుకి నడిచాను.