ఒక సున్నా తక్కువ

సూర్ ఊళ్లో, చేపల కోల్డ్ స్టోరేజీ మీద గది.
మగ్రిబ్ నమాజు అయ్యాక ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తారు
ఊదు పొగనీ ఐసు వాసననీ కలిపి మోసుకుంటూ.
మొదటిరోజు 'అబ్లా' అని పిలిస్తే
అబల అని వినబడి ఉలిక్కిపడ్డాను.
టీచరమ్మ అనిట.
అప్పటిదాకా ఈ ఊళ్లో నేను
ప్లాంటులో వెల్డింగు చేసే నూకరాజు పెళ్లాన్ని, అంతే.

పకీ బకీ తేడా చెప్పాలి.
పెదాల ముందు కాగితం ముక్క పట్టుకుంటే
ప అన్నప్పుడు అది రెపరెపలాడాలని పుస్తకంలో ఉంది.
పట్టుకున్నాను. పెన్ అన్నాను.
కదల్లేదు.
పేపర్ అన్నాను. ఊహూఁ.
మన ప ఇంత నెమ్మదైందని నాకేం తెలుసు?
కాగితం కదల్లేదు గానీ
వెనకబల్ల మీద ముసలి రయ్యా ముసుగు కదిలింది
నవ్వుకి.

ఆ రయ్యానే రాసింది తొలి వ్యాసం:
'మా ఇంటి వెనక మిఠాయి. చాలా పెద్ద మిఠాయి.
వేసవిలో కాళ్లు కాలతాయి.
మా ఒంటె అందులో తప్పిపోయింది.'
డెజర్ట్‌లో ఒక ఎస్ ఎక్కువైంది, పాపం.
ఆ శుక్రవారమే బిదియా దారిలో ఇసుక దిబ్బలు చూశాను,
ఎండలో ఆరబోసిన బెల్లప్పొడి.
సగం మార్కులు వేశాను.

'సీ యాంగ్రీ టుడే' అని రాస్తారు.
మధ్యలో ఎర్రసిరాతో ఒక ఈజ్ ఇరికిస్తాను,
ఇరికిస్తూ తల దించుకుంటాను.
సముద్రం లోతు. ఊరు దూరం. మా అత్త గయ్యాళి.
మా అమ్మ జన్మలో దేనికీ ఈజ్ అతికించలేదు.
వాళ్ల అరబ్బీకీ అక్కర్లేదు, నా తెలుగుకీ అక్కర్లేదు,
ఎవరింటి పెళ్లికో
ఇద్దరం అరువు తెచ్చుకున్న గొలుసు.

జువైనా ఏమీ అడగదు.
నాలుగు నెలలు పిలిచాక ఒకరోజు అంది,
'జు కాదు అబ్లా,
పళ్ల వెనక తేనెటీగని పట్టుకుని అనండి.'
వంట చేస్తూ గుయ్యిమంటుంటాను ఇప్పటికీ.
అక్షరం లేదు నా దగ్గర, ఆమె పేరు రాయడానికి.

ఒక రాత్రి అందరూ వెళ్లాక
మత్స్యశాఖకి రాసిన అర్జీ బయటికి తీసింది.
'వి లూస్ అవర్ బోట్.'
నేను పలికితే రెండూ లూజే,
రాతలో మాత్రం తేడా తెలుసు.
'రెండు సున్నాలుంటే వదులు,
ఒక సున్నా పోతే పోగొట్టుకోవడం' అంటూ
ఒక ఓని కొట్టేశాను.

నా చేతి మీద చెయ్యి వేసింది.
'ముందు తాడు వదులైంది అబ్లా.
రెండు సున్నాలు.
తర్వాతే పడవ పోయింది.'
కాసేపు ఏసీ చుక్కలు బకెట్లో పడ్డాయి.
'పడవలో మా తమ్ముడు. అది రాయలేదు.
డబ్బు పడవకే ఇస్తారు.'

కింద ఐసు మిషను ఆగి, మళ్లీ మొదలైంది.
తాడుకొక వాక్యం రాశాం, పడవకొకటి,
రెండు మాటలూ వేటి చోట వాటిని కూర్చోబెట్టి.
మూడోది ఆమె వేరే కాగితం మీద రాసింది,
నాకు కనబడకుండా ఎడమచేయి అడ్డుపెట్టి,
తర్వాత తనే చేయి తీసేసి.
'మై బ్రదర్ ఇన్ ది సీ.'

బ్రదర్‌కీ ఇన్‌కీ మధ్య
వేలెడంత ఖాళీ.
ఈజ్ పెట్టాలా, వాజ్ పెట్టాలా
నేను అడగలేదు.

ఆ కాగితం మడిచి దాచుకుని, చెప్పులేసుకుని
దీపం లేని మెట్లు దిగి వెళ్లిపోయింది.
ఎర్రపెన్ను మూత కోసం
బల్లకిందంతా వెతికాను,
పిడికిట్లోనే ఉంది.