కడ్డీ మీద తడి

పొద్దున్నే ఆరింటికి
బోర్డు మీద అంకె దానంతట అదే మారుతాది.
నేను మార్చను. మా సేటూ మార్చడు.
అయినా అందరూ అడిగేది నన్నే:
"ఏమ్మే మాబున్నీ, మళ్లా ఎక్కిచ్చినారే?"
నా చేతిలో ఉండేది గొట్టం అప్పా,
గొంతు కాదు.

రాయదుర్గంలో, బళ్లారి రోడ్డు బంకులో
ఆరేండ్లుగా పోస్తాండా.
ఎవరి బండి ఎంత తాగుతాదో
మొగం చూడకుండా చెప్తా.

ఆ వారం గోడలకు కాగితాలు అంటిచ్చినారు:
సోమవారం ఎవురూ పెట్రోలు పోయించుకోకూడదు.
ఊరంతా ఒక్క దినం ఒట్టేసుకుంటే
కంపెనీలు కాళ్లబేరానికి వస్తాయంట.
అంటిచ్చిన పిల్లోడే
మైదా బంక చేతులతో వచ్చి
వంద రూపాయలకు పోయించుకొని పాయె.

ఆదివారం రాత్రి చూడాల్సిండె!
రేపు కొనకూడదని
ఈపొద్దే కొనేవాళ్లు, మలుపు దాకా లైను.
ఫుల్లు, ఫుల్లు, ఫుల్లు,
మూతులు తెరిచిన ట్యాంకులు
గూట్లో పిచ్చుక పిల్లల మాదిరి.
నాలుగో బండి సుంకన్నది,
సాయంత్రం మైకు పట్టుకొని చెప్పినోడు.
నన్ను చూసి నవ్వె.
సిగ్గయినప్పుడు కూడా నవ్వుతాడు మనిషి.

సోమవారం
నా పొరక చప్పుడు నాకే వినబడె.
గాలి మిషను కాడ కుక్క కాళ్లు చాపుకొని పండుకునె.
మీటరులో సున్నాలు,
గీతలు కలపని ముగ్గు చుక్కలు.

మిట్టమధ్యాన్నం పెన్నోబులేసు వచ్చె,
టీవీఎస్ తోసుకుంటా.
ముందొక మూట, వెనకొక మూట జీన్సు ప్యాంట్లు,
నడుమ చెమట.
గుండీల మిషను కాడికి చేర్చాల,
చీకటి పడితే లారీ పోతాది.
గేటు కాడ పిల్లోళ్లు అడ్డం నిలబడిరి:
"ఒక్క దినం ఓర్చుకో మామా, అందరి కోసం."
వాడు ఎదురు మాట్లాడలా.
బండి తిప్పుకొని తోసుకుంటా పాయె.

వానికా మీరు చెప్పేది?
యాభైకి పోయించుకునేవాడు
నలభైకి దిగి, ముప్పైకి దిగి,
కొండ కింద దిగుడులో ఇంజిన్ ఆపి,
ఆరేండ్లుగా చుక్కచుక్కా మానుకుంటాండాడు.
కాగితం ల్యా. మైకు ల్యా.

మూడింటికి సేటు అనె:
"యాపారం ల్యా, కూలీ ల్యా. రేపు రా పో."
ఊరు వదులుకున్నది ఒకపూట పెట్రోలు,
నేను వదులుకున్నది మూడు వందల యాభై.
అది ఎవురి లెక్కలోనూ ల్యా.

మంగళవారం మళ్లా లైను.
కొందరు రానేలా,
వాళ్లు హద్దు దాటి పోయించుకొచ్చినారంట.
కన్నడం మాట్లాడే పెట్రోలు
ఒట్టు కిందికి రాదు గదా!

ఆ రాత్రి ట్యాంకులో కడ్డీ దించినా.
తడి యాడిదాకుందో చూసి
మూడు దినాలు కలిపి రాసినా.
ఏ మూడు దినాల మాదిరే.
బోర్డు మీద పైసా కదల్లా.

బుధవారం సుంకన్న వచ్చి
బండి దిగకుండానే అడిగె:
"అయితే లాభం ల్యాకపాయనా?"
"అన్నా, నేను రోజా ఉండేదాన్ని.
పగలు మానుకున్నోళ్లు
మాపటికి ఎంత తింటారో నాకు తెలుసు.
ఆకలి వాయిదా పడింది, అంతే."
"మరి ఏం చేయాల?"
నాకేం తెలుసు.
ఎంతకు పోయాలని అడిగినా.

బేస్తవారం పెన్నోబులేసు వచ్చె.
ఈసారి ఒంటిగా కాదు,
పక్కింటి కాజా వెనక కూచోనుండె,
తలకు మించిన మూట ఒళ్లో పెట్టుకొని.
కాజా బండి ఇంట్లో పెట్టేసినాడంట.
"ఇద్దరికీ కలిపి ముప్పైకి పొయ్యి."
పోసినా.
చివరి చుక్క రాలేదాకా గొట్టం ఎత్తిపట్టినా.

ఆ రాత్రి కడ్డీ తీస్తే
తడి గుర్తు రోజూ కంటే
గోరంత పైకుండాదనిపిచ్చె నాకు.
సేటుకు చూపిస్తి.
కళ్లద్దాలు తుడుచుకొని, దీపం కిందికి తిప్పి చూసి,
"కడ్డీ వంకరగా దించినావు" అనె.

దించినానేమో.