పక్క గడి

వారానికి ఒక్క సెలవు.
ఆ ఒక్కటీ తార్నాకల పోగొట్టుకుంటున్న
ఆరు వారాల సంది.
డిపోల అందరూ అడుగుతరు, సంబంధాలు చూస్తున్నవా అని.
అవును, సంబంధాలే,
చచ్చిపోయినోళ్ళవి.

నాయిన పోయినంక మిగిలింది పదకొండు గుంటలు.
తక్కింది పెదనాయినలు ముక్కలు ముక్కలుగ అమ్మిన్రు:
ఒక బోరు, ఒక ఆపరేషన్, నడవని కిరాణా దుకాణం.
ఇదొక్కటి హైటెన్షన్ తీగల కిందుంది,
అందుకే మిగిలింది.
ముసురు పట్టినప్పుడు తీగలు జుయ్యిమంటయి.
విరాసత్ కావాలంటే వంశవృక్షం తెమ్మన్నడు గిర్దావర్.
నాకు తెలిసిన చెట్టు చెలక గట్టు మీది మోదుగ ఒక్కటే,
అదీ రింగు రోడ్డు కింద పోయింది.

ఇక్రాముద్దీన్ సాబ్ పేజీకి నలభై తీసుకుంటడు,
చాయ్ వేరే.
ఫసలీ పదమూడు వందల నలభై ఏడు.
కాగితం అప్పడం లెక్క,
విరుగుతదని ఊపిరి కూడ పక్కకు తిరిగి ఇడుస్తడు.
వంకర్లు తిరిగిన ఉర్దూల నుంచి మావోళ్ళను
ఒక్కొక్కరినే చెయ్యి పట్టి దింపుతడు:
సాయన్న వల్ద్ మల్లయ్య.
మల్లయ్య వల్ద్ ఎర్ర నర్సడు.
"వల్ద్ అంటే కొడుకు, బేటీ."
కొడుకు, కొడుకు, కొడుకు,
ఫుట్‌బోర్డు మీద వేలాడే మగోళ్ళ లెక్క
ఒకని భుజం పట్టుకొని ఒకడు.
లోపల సీట్లల్ల ఎవరున్నరో కనబడదు.

తాత తండ్రి సంతకం చూపించిండు:
ఒక బొటనవేలు.
నా వేలు పక్కన పెట్టబోతే
ముట్టకు, అన్నడు రికార్డు గది మనిషి.

తర్వాత సాబ్ ఆగిండు.
కళ్ళద్దాలు తీసి తుడిచిండు, మళ్ళ పెట్టుకున్నడు.
"పట్టా సాయన్నదే. పక్క గడి చూడు.
కాబిజ్: లాలమ్మ, బేవా."
దున్నేటోళ్ళ గడి అది.
జొన్న, కంది, ఆముదం. రెండెకరాల ఇరవై గుంటలు.
మరుసటేడు లాలమ్మ. ఆ మరుసటేడు లాలమ్మ.
పదహారేండ్లు లాలమ్మ.
పదిహేడో ఏడు ఎర్ర సిరాతోని ఒక గీత,
గీత మీద సాయన్న.
ఎందుకో రాయలే.
కారణాలకు గడి లేదు.

మా ఇంట్ల ఆ పేరు ఎవరికీ పెట్టలే.
లంగర్‌హౌజ్ మేనత్త బాలనర్సమ్మకు ఫోన్ చేసిన.
చానాసేపు టీవీ చప్పుడే.
"కోతలప్పుడు మా అవ్వ
మొదటి కంకులు నాలుగు తెంపి గట్టు మీద పెడుతుండె బిడ్డా,
లాలికి, అని.
పిట్ట పేరనుకున్నం."

వంశవృక్షం ఫారం నిండా డబ్బాలు,
డబ్బాకు డబ్బాకు నడుమ గీత.
లాలమ్మను ఏ గీతకు కట్టాలె?
పదహారేండ్ల జొన్నకు
ఏ మీసేవల సర్టిఫికెట్ ఇస్తరు?
ఆ పేరు రాస్తే దరఖాస్తు వాపస్ వస్తదన్నడు వకీలు.
రాయకుంటనే ఇచ్చిన.
ఇచ్చిన. దాచను.
రసీదు పర్సుల ఉంది.

మా చెలక ఇప్పుడు నా రూట్ల ఒక స్టేజీ.
అద్దాల బిల్డింగుల ముందు
మెడల కార్డులేసుకున్న పిల్లలు దిగుతరు.
రోజుకు ఆరు ట్రిప్పులు,
సాలు తిప్పినట్టు అటూ ఇటూ.

నిన్న రాత్రి ఆఖరి ట్రిప్పు, బస్సు ఖాళీ.
ఆ స్టేజీల ఎవరూ ఎక్కలే.
మెషీన్ నొక్కిన.
జీరో టికెట్ ఒకటి వచ్చింది:
ఆడమనిషి ఒకరు, తేదీ, టైము, సున్నా రూపాయలు.
పేరుకు దాంట్ల కూడ గడి లేదు.
మడిచి, కిటికీ పక్క సీటు ఇనుప సందుల చెక్కిన.

చెకింగోళ్ళు ఎక్కి
టికెట్ ఉంది, మనిషేదని అడిగితే
ఇంకా దిగలే సార్, అంట.