రాత్రి రక్తం

ఆ పురుగుకి పగలంటే గిట్టదు.
పొద్దంతా ఊపిరితిత్తుల మూలల్లో దాక్కుని
ఊరు అన్నం తిని తలుపులేసుకున్నాక
వేలికొసల్లోకి షికారుకొస్తుంది,
సరిగ్గా దోమ తిరిగే వేళకి.

ఈ సంగతి షడ్రక్ గారు నాకు
పంటకాలవ గట్టు మీద సైకిలు నడిపించుకుంటూ చెప్పారు.
నా చేతిలో టార్చిలైటు, భుజాన గాజుపలకల పెట్టె.
"ఎవడో మనకి తెలీనివాడు
రేయింబవళ్ళు గంటగంటకీ రక్తం తీసి చూశాడయ్యా.
వాడు నిద్ర కాచాడు.
ఇక మన వంతు."

తాటిలంకలో ఆ రాత్రి
ఒక్క వేలూ ముందుకు రాలేదు.
"మా రక్తం కాకినాడలో సీసా ఎంతకి అమ్ముతారండి?"
అరుగు మీంచి ఒకాయన. వెనకాల నవ్వులు.
"ఇచ్చేదేదో పగలు ఇస్తాం. రాత్రిపూట ఇదేం పనండి, ఆయ్."
కొబ్బరిపీచు నానేసిన గుంటల కంపు
వీధంతా తిరుగుతోంది.
దోమలు మాత్రం ఎవర్నీ అడక్కుండా
తమ నమూనాలు తాము తీసుకుంటున్నాయి.

అప్పుడొచ్చింది పల్లాలమ్మ.
తాళ్ళు పేనే షెడ్డులో కూలి.
పాతికేళ్ళుగా కుచ్చిళ్ళు నేల ఊడ్చేలా చీర కట్టింది,
పెళ్ళి భోజనాల్లో ఎప్పుడూ చివరి బంతికే లేచింది,
ఉన్న రెండు ఫోటోల్లోనూ నడుం దాకానే ఉంది.
వీధిలైటు కిందికి స్టూలు లాక్కుని కూర్చుని
మోకాలి దాకా చీర ఎత్తింది.

ఎవరూ నవ్వలేదు.

"చూడండి. సరిగ్గా చూడండి.
పెళ్ళైన రెండో ఏడు చలిజొరం. గజ్జల్లో బిళ్ళ కట్టింది.
గాలి సోకిందన్నారు. మా అత్తయితే శాపమంది.
ఇప్పుడీయనేమో దోమంటన్నాడు. దోమ!
శాపానికి మందెక్కడ తెస్తాం?
దోమకైతే ఉందంట కదా.
తెలీక పోయింది నా కాలు.
తెలిసీ పోతే మీదాన్నేమనాలి?"
అని వేలు చాపింది.

సూది గుచ్చేటప్పుడు షడ్రక్ గారి చెయ్యి వణికింది.
నేను చూశాను. ఆయన చచ్చేదాకా ఒప్పుకోలేదు.

నూట పద్నాలుగు పలకలు ఆ రాత్రి.
మర్నాడు సూక్ష్మదర్శిని కింద
పదకొండు పలకల్లో, రంగు పట్టిన సన్నటి మెలికలు,
ఎవరో పసిపిల్ల గీసిన అక్షరాల్లా.
పల్లాలమ్మ చుక్కలో ఒక్కటీ లేదు.
చెయ్యాల్సిన పాడంతా చేసి ఏనాడో వెళ్ళిపోయాయి.
అరుగు మీంచి రక్తం ధర అడిగినాయన చుక్కలో
ఇరవై రెండు.
ఆయన కాళ్ళు అప్పటికి నున్నగా, అరటిబోదెల్లా ఉన్నాయి.
మాత్రలు చేతిలో పోస్తే
నీళ్ళ చెంబు కోసం ఆయనే లోపలికి పరిగెత్తాడు.

తర్వాత ఏళ్ళు. ఏడాదికోసారి మాత్రలు.
మింగినట్టు నటించి తులసికోటలో ఉమ్మినవాళ్ళు,
వాళ్ళ వెంటపడి మళ్ళీ మింగించిన పల్లాలమ్మ.
గుంటల్లో దోమపిల్లల్ని తినే చేపలు వదిలాం.
మొదటి వానకే సగం కాలవలోకి పోయాయి. మళ్ళీ వదిలాం.
కాలు వాచినవాళ్ళ ఇళ్ళకి
బక్కెట్టూ సబ్బుముక్కా పట్టుకుని తనే వెళ్ళేది,
వేళ్ళ సందుల్లో తడి ఎలా ఒత్తాలో
తన కాలి మీదే చూపించేది.

ఆమె కాలు తగ్గలేదు.
నేను కథ రాసేవాణ్ణైతే తగ్గించేవాణ్ణి.
జొరాలు తగ్గాయి. పుండ్లు మానాయి.
నెలకి పది రోజులు పోయే కూలి నిలబడింది.
చీర జానెడు పైకి కట్టడం మొదలెట్టింది.

మొన్న వెళ్ళాను తాటిలంక.
బడిలో ఆరేళ్ళ పిల్లల వేళ్ళు గుచ్చి
అట్టముక్క మీద చుక్క వేస్తున్నారు. పట్టపగలే.
పది నిమిషాల్లో తేలిపోతోంది.
షడ్రక్ గారికి ఎన్ని నిద్రలు మిగిలేవో!
ఒకటే గీత. ఒకటే గీత. ఆ పిల్లకీ ఒకటే గీత.
రెండో గీత కోసం వెతుకుతున్న నా కళ్ళని చూసి
నర్సమ్మ నవ్వింది.

తిరిగొస్తూ చెప్పుల అబ్బులు బడ్డీ దగ్గర ఆగాను.
దూలానికి ఓ పెద్ద కర్రపాదం వేలాడుతోంది,
పల్లాలమ్మ కొలతకి చెక్కించింది.
"ఆవిడ పోయి నాలుగేళ్ళండి.
ఈ కొలత మళ్ళీ ఎవరూ అడగలేదు.
పొయ్యిలో పెడదామంటే మనసొప్పట్లేదు,"
అంటూ తువ్వాలుతో
దాని వేళ్ళ సందుల్లో దుమ్ము తుడిచాడు.