ఇతరములు

ఏ దేశం మేడం, అని అడిగిండు
పాలిటెక్నిక్ కాడ ఎక్కిన పిలగాడు,
తెలుగుల కాదు, వచ్చీరాని ఇంగ్లీషుల.
వనపర్తి తమ్మీ. పెద్దాసుపత్రిల పుట్టిన.
ఎన్క సీటోళ్ళు పుట్నాలు నములుకుంట నవ్విండ్రు.
వెస్టిండీసు, అన్నడొకడు మెల్లగ.
మెల్లగన్నా ఇనబడ్తది,
పద్నాలుగేండ్ల సంది ఇంజను మోత కింద మాటలు ఏరుకునుడే నా పని.

ఆ పాలిటెక్నిక్కు ఒకప్పుడు రాజుగారి బంగ్ల.
మా ముత్తాత నాయిన ఆ బంగ్ల ముంగట
గుర్రమెక్కి నిలబడేటోడంట.
ఓడ దిగినంక యాడ అమ్మిండ్రో, ఎంతకమ్మిండ్రో
మా ఇంట్ల ఎవ్వరికి ఎరుక లేదు.
తర్వాత పట్నంల నిజాముకు బహుమానం పంపిండ్రంట,
గుర్రాలు, జీన్లు, మనుషులు,
అందరు ఒకటే పట్టీల.
మావోడు పోలే.
కాలు బెణికిన గుర్రం ఒకటి ఆగిపోతే
దానికి పసుపు కట్టనీకి ఇతన్ని ఆపిండ్రంట.
గుర్రం బతికిందో లేదో చెప్పరు.
మేమైతే మిగిలినం.

నా సర్టిఫికెట్ కోసం నాయిన
తాసిల్ ఆఫీసు మెట్లెక్కి దిగి రెండు జతల చెప్పులరగదీసిండు.
సిద్దీ, అంటె క్లర్కుకు సమజ్ గాలే.
ఇంటిపేరా, అన్నడు.
కాయితం మీది గడీలన్ని వేలుపెట్టి చూసి
ఆఖరుదాంట్ల రాసిండు: ఇతరులు.
అమ్మ దాన్ని లామినేషన్ చేయించింది,
ఎందుకో నాకిప్పటికి తెల్వదు.

మూడో సీట్ల తెల్లంగి పెద్దమనిషి పేపర్ మడిచి
పక్కాయనకు చెప్తుండు,
అమెరికాల నల్లోళ్ళను పోలీసులు ఎట్ల కొడ్తరో చూడు,
వాళ్ళు మాత్రం మనుషులు కారా అని.
నిజంగనే బాధపడ్తుండు, మొఖంలనే తెలుస్తుంది.
టికెట్ సార్, అని చెయ్యి చాపిన.
జానెడెత్తుకెల్లి పైసలు జారవిడిసిండు,
కాలే పెనం మీద నీళ్ళు చల్లినట్టు.
అడిగితె బస్సు ఊగిందంటడు.
బస్సు ఊగేది గూడ నిజమే.

శనివారం. పెబ్బేరు అంగడి.
మాదిగ ఉసేనమ్మ గంపల రెండు కోళ్ళతోని ఎక్కుతది,
పట్టుకోనీకి రాడ్ ఉన్నా నా మణికట్టే పట్టుకుంటది.
జీరో టికెట్ కొట్టిస్తే
కోళ్ళకు కొట్టవా, అంటది.
నా సీట్లనే సగం జరిగి కూసోబెట్టుకున్న.
చూసినవా అవ్వ, ఆ తెల్లంగాయనను?
సూసిన.
నీది ఎక్కంగనే తెలుస్తది బిడ్డ.
మాది వాడ పేరు సెప్తె తెలుస్తది.
అందుకే అడుగుతరు, ఏ ఊరు, ఊర్ల ఏ దిక్కు,
ఆ దిక్కుల ఎవరి ఇంటి ఎన్క.
తెలిసినంక జర జరుగుతరు.

నువ్వు పెబ్బేరు దాంక దాసుకోవచ్చు గద,
నాకు ఒక్క స్టేజి గూడ లేదు, అన్న,
జర కోపంగనే.
ఆమె కోడి కాళ్ళ తాడు విప్పి మళ్ళ కట్టింది.
దాసుకోని కూసుంటె
బస్సుల నిద్ర గూడ రాదే, అన్నది.

ఇద్దరిది ఒకటేనని ఆమె అనలే,
నేను అనలే.
కోడి నా బూటు మీద రెట్టేసింది.
ఇద్దరం దాన్నే తిట్టినం, పెబ్బేరు వచ్చేదాంక.

రాత్రి డిపోల పైసలప్పజెప్తుంటె
పన్నెండు రూపాయలు ఎక్కువొచ్చినయి.
ఎక్కడివి ఖైరున్, అన్నడు క్యాషియరు.
చిల్లర తీసుకోనీకి నా చెయ్యి తగులుతదని
ఒదిలేసి దిగిపోయినోళ్ళవి, అని చెప్దామనుకున్న.
ఆయన కాయితంల దానికి గడి లేదు.
కింద ఒక్కటుంటది,
ఎప్పుడు ఖాళీగనే ఉంటది.
ఇతరములు, అన్న.
రాసుకో.