అప్పగింత

తమ్ముడూ బాలశౌరీ,
మేత్రాణుల ఉత్తరం సోమవారం అందింది.
ఆరేళ్ళు రెండు పెట్టెల్లో పట్టాయి.
పుస్తకాలు నీకే వదిలేస్తున్నా,
సగం చెదలు ముందే చదివేశాయి.

రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయి:
జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు.
బ్యాంకు పుస్తకం చూసి దిగులుపడకు,
మన విచారణలో చందాలు
కప్పు కారేదాకా రావు,
కారాక ఆగవు.

ఇక రిజిస్టర్లకెక్కనివి.

నువ్వు అప్పం పైకెత్తే వేళకి సరిగ్గా
మౌలాలి స్టేషన్ మైకు
కాజీపేట ప్యాసింజరు ముప్పై నిమిషాలు ఆలస్యమంటుంది.
జనం నవ్వరు, అలవాటు.
నువ్వూ నవ్వకు. మొదటి నెల కష్టం.

శనివారం పాపసంకీర్తనానికి ఒకరొస్తారు.
ఎవరో చెప్పను, ఏమిటో చెప్పకూడదు.
జాలీ వెనక దగ్గు వినబడితే
గడియారం చూడకు, అంతే.

అర్ధరాత్రి ఫోనొస్తే ఆటో అఫ్సర్‌ని లేపు.
చేతిలో తైలం డబ్బీ చూడగానే మీటరు ఆపేస్తాడు.
గాంధీ ఆసుపత్రి వెనక గేటు,
అక్కడి వాచ్‌మన్ పేరు, వాడి కొడుకు చదువు
అన్నీ అతనికే తెలుసు.
డబ్బివ్వబోతే కోపం.
రంజాన్‌కి ఖర్జూరాలు పంపుతాను,
పద్దులో 'ప్రయాణాలు' అని రాస్తాను.
ఆడిటర్ అడిగితే నువ్వూ అదే చెప్పు.

ఇంకొకటి.
ఎలా మొదలుపెట్టాలో తెలీక ఇంతసేపూ మైకు గురించి మాట్లాడాను.

భూస్థాపనల రిజిస్టరు, నూట పన్నెండో పేజీ.
ఆరోగ్యమ్మ, యాభై తొమ్మిదేళ్ళు.
అవస్థ అభ్యంగనం గడిలో తేదీ ఉంది,
వేళ లేదు.

ఆ సాయంత్రం తార్నాకలో ఎవరిదో బరాత్,
గుర్రం, బ్యాండు, రోడ్డంతా దీపాలు.
అఫ్సర్ హారన్ అరిగిపోయింది.
దిగి పరుగెత్తాను. ఎక్కడో ఒక చెప్పు పోయింది.
నుదుటి మీద సిలువ గుర్తు వేస్తుంటే
నా జేబులో మగ్గిన తైలమే
ఆమె కంటే వెచ్చగా ఉంది.

మొగుడు ఇన్నయ్య,
లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైనవాడు,
నా ఒంటి చెప్పు వైపు చూశాడు.
ఏమీ అనలేదు.

మూడేళ్ళుగా రోజూ పొద్దున ఆరు గంటల పూజకి వస్తాడు.
చివరి బల్ల, చెప్పుల పక్కన.
సత్ప్రసాదానికి లేవడు.
పాత్ర పట్టుకుని నేను అక్కడిదాకా చూస్తాను,
అతను గచ్చు చూస్తాడు.
క్షమ మీద ప్రసంగం వచ్చిన ఆదివారాల్లో
నా గొంతు నాకే
పక్కింటి రేడియోలా వినబడింది.

నువ్వు అతన్ని ముందుకు రమ్మనకు.
ఉపదేశి చేత కబురంపకు.
నేను రెండూ చేశాను.

నిన్న రాత్రి కరెంటు పోయాక
చేతిలో నైలాను తాడుతో వచ్చాడు.
అడక్కుండానే కూర్చుని పెట్టెలు కట్టాడు,
మోకాలు ఆనించి, పళ్ళతో బిగించి,
ఊడదీయాలంటే కొయ్యాల్సిన ముడులు.
కొవ్వొత్తి నేను పట్టుకున్నాను.
మైనం వేలి మీద పడ్డా కదల్లేదు.

గడప దగ్గర ఆగాడు.
"ఏ ఊరు ఫాదర్?"
శంకర్‌పల్లి అవతల, అన్నాను.
"గాడ గూడ పొద్దుగాల ఆరింటికేనా పూజ?"
ఆరున్నరకి.
వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు.
"రెండు బస్సులు మారాలె. అందుతది."

చీకట్లో అతని టార్చి
మలుపు దాకా పోవడం చూశాను.

కాబట్టి తమ్ముడూ,
ఎప్పుడైనా చివరి బల్ల ఖాళీగా కనబడితే
నీ లోపమనుకోకు.

గుడి తాళం కొంచెం ఎడమకి నొక్కి తిప్పాలి.
వానాకాలంలో రెండుసార్లు.